ముంగిలి లేని అంగన్‌వాడీ మనకెందుకు?



పోస్టు పెద్దదే, ఓపికగా చదవండి. ఇది నోటిఫికేషన్ల గురించి కాదు, స్కాలర్‌షిప్పుల గురించీ కాదు. మన ఊళ్లలో మూడేళ్లు, నాలుగేళ్లు ఉన్న గుంటల గురించి. వాళ్లు ఈ గ్రూపులో లేరు. వాళ్ల కష్టం వాళ్లు రాసుకోలేరు. మనం కూడా రాయకపోతే ఇంక ఎవరూ రాయరు.

మేము ఒకే హాస్టల్లో ఉండే ఆరుగురం. సవరలం, జాతాపులం, ఒక గదబ తమ్ముడు. పాత శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కొండ ఊళ్ల వాళ్లం. 2022 ఏప్రిల్లో పార్వతీపురం మన్యం జిల్లా వచ్చాక మాలో కొందరికి జిల్లా పేరు మారింది. ఊళ్లో అంగన్‌వాడీ మాత్రం అలాగే ఉంది.

సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్తూ తాపీ మేస్త్రి దగ్గర ఉండే టేపు ఒక్కొక్కరం ఒకటి పట్టుకెళ్లాం. ఎవరి ఊరి అంగన్‌వాడీ వాళ్లు కొలిచి రావాలని అనుకున్నాం. రెండు చోట్ల సొంత భవనం ఉంది. ఒక చోట ఒకరి ఇంటి వసారా. ఒక చోట బడి పక్కన పాత గది. ఒక ఊళ్లో భవనానికి పునాది లేచి, గోడ సగం వరకు వచ్చి, అక్కడే ఆగిపోయింది, లోపల మేకలు కడుతున్నారు. ఆరో ఊరికి అసలు కేంద్రమే లేదు. గెడ్డ దాటి పక్క ఊరికి వెళ్లాలి.

భవనం ఉన్న చోట కొలతలు చెప్తాం వినండి. మూడేళ్ల గుంట ఎత్తు ఇంచుమించు మూడడుగులు. కిటికీ గట్టు మూడున్నర అడుగుల ఎత్తులో ఉంది. అంటే లోపల కూర్చున్న గుంటకి ఆకాశం ముక్క తప్ప ఏమీ కనపడదు. గుమ్మం ముందు మెట్టు పది అంగుళాలు. మనకి అది మెట్టు, వాళ్లకి అది గోడ. నల్లబల్ల కింది అంచు వాళ్ల తలకన్నా పైన. మరుగుదొడ్డి తలుపు గడియ కూడా పైనే. గోడల మీద మాత్రం రంగురంగుల బొమ్మలు: ఆపిల్, ఇగ్లూ, ఓడ, జీబ్రా. చింతచెట్టు లేదు, జీడిపిక్క లేదు, అడ్డాకు లేదు, చోడి వెన్ను లేదు.

ఇది ఎవరి కోసం కట్టినట్టు? ఫొటో తీసుకోడానికి వచ్చే పెద్దవాళ్ల కోసం కట్టినట్టుంది.

మా మాట ఇదీ: మన కొండల్లో అంగన్‌వాడీకి ముందు కావలసింది ముంగిలి. ఆ తర్వాత గుంట ఎత్తుకి సరిపోయే గది. ఆ గదిలో గుంట భాష మాట్లాడే మనిషి. ఈ మూడూ లేకుండా సిమెంటు పెట్టె కట్టి, రంగులేసి, టీవీ తగిలించి "స్మార్ట్" అని పేరు పెడితే మనం సంబరపడిపోకూడదు.

ఆ పేరు ఎక్కడిది?

అంగన్ అంటే ముంగిలి. తెలుగులో అంగణం అంటాం కదా, అదే. ఈ మాట వెనక ఆదివాసీ పిల్లల కథ ఉంది. తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ అని ఇద్దరు టీచర్లు. 1945లో ఇప్పటి మహారాష్ట్ర తీరంలో బోర్డి అనే ఊళ్లో చిన్నపిల్లల బడి మొదలుపెట్టారు. తర్వాత కోస్‌బాడ్ కొండకి వెళ్లిపోయి వార్లీ ఆదివాసీల మధ్య పనిచేశారు. బడి పెడితే పేదల పిల్లలు బడికి రాలేదు. ఎలా వస్తారు? అమ్మానాన్నలు పనికి పోతారు, పెద్ద గుంటలు పశువులు కాస్తారు, చిన్న గుంటల్ని ఎత్తుకుంటారు. వాళ్లు రాలేదని ఆ టీచర్లు వాళ్లని తిట్టలేదు. బడినే మోసుకుని వాళ్ల వాడకి వెళ్లారు, వాళ్ల ఇళ్ల ముంగిట్లో పెట్టారు. అదే అంగన్‌వాడీ. పశువులు కాసే పిల్లల కోసం గడ్డిమైదానంలోనే బడి పెట్టి దాన్ని కురణ్‌శాల అన్నారు. ఆకులు, గింజలు, రాళ్లు, మట్టి, ఇవే వాళ్ల సామాను.

1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం ఐసీడీఎస్ పథకం 33 బ్లాకుల్లో మొదలుపెట్టింది. కేంద్రాలకి పెట్టిన పేరు అంగన్‌వాడీయే. పేరు మిగిలింది. ముంగిలి ఎక్కడో జారిపోయింది. ఇప్పుడు భవనం కట్టేటప్పుడు జాగా అంతా గదికే సరిపోతుంది. గుమ్మం దిగితే రోడ్డు, లేదా మురుగు కాలువ, లేదా లోయ.

కాగితం మీద అన్నీ ఉన్నాయి

ప్రభుత్వం దగ్గర లెక్కలు లేవని అనుకోకండి. 2013లో వచ్చిన జాతీయ బాల్య సంరక్షణ, విద్యా విధానం చాలా స్పష్టంగా చెప్పింది. 30 మంది పిల్లలకి కనీసం 35 చదరపు మీటర్ల గది ఉండాలి, అంటే సుమారు 377 చదరపు అడుగులు. బయట ఆడుకోడానికి ఇంకో 30 చదరపు మీటర్లు ఉండాలి. పిల్లలతో మాట్లాడేది వాళ్ల అమ్మభాషలో ఉండాలి. ఐసీడీఎస్‌ని మార్చి రాసినప్పుడు కూడా భవనం 600 చదరపు అడుగులకి తగ్గకూడదని, పిల్లలు కూర్చునే గది వేరు, వంటగది వేరు, సరుకుల గది వేరు అని, పిల్లలకి సరిపడే మరుగుదొడ్డి, ఆటస్థలం, తాగునీరు ఉండాలని రాశారు.

మా ఆరు ఊళ్లలో ఈ కొలతకి తూగినది ఒక్కటీ లేదు. ఆటస్థలం అని చూపించడానికి ఒక చోట మాత్రం భవనం పక్కన చింతచెట్టు కింద కొంచెం చదును ఉంది. అది ఇంజనీరు ఇచ్చినది కాదు. మన తాతలు వదిలినది.

అసలు కేంద్రం రావడానికి జనాభా లెక్క ఇంకొకటి. కొండ ప్రాంతాల్లో 300 నుంచి 800 మందికి ఒక అంగన్‌వాడీ, 150 నుంచి 300 మందికి ఒక మినీ అంగన్‌వాడీ. 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది: ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉన్న చోట కేంద్రం లేకపోతే, జనం అడిగిన 3 నెలల్లో ఇవ్వాలి. మంచిదే. కానీ మన గూడల్లో ఎన్ని గడపలుంటాయి? ఇరవై, ముప్పై. అక్కడ 40 మంది ఎక్కడ నుంచి వస్తారు? పల్లంలో రాసిన లెక్క కొండకి తెచ్చి వేస్తే, గూడ గెడ్డకి అవతలే ఉండిపోతుంది. పక్క ఊరి కేంద్రంలో మన గుంటల పేర్లు ఉంటాయి. గుడ్లు, బాలామృతం ఇంటికి తెచ్చుకుంటారు. రిజిస్టరులో గుంట ఉంటుంది. గదిలో ఉండదు. వానాకాలం గెడ్డ పొంగితే సరుకులూ ఉండవు.

"ముందు రోడ్డు చూడండి"

ఈ మాటలు మా ఊళ్లో ఒక బాబాయితో అంటే ఆయన నవ్వారు. "ఓరి, డోలీలో మనిషిని మోసుకెళ్తున్నాం. ముందు రోడ్డెయ్యమనండి. కిటికీ ఎత్తు తర్వాత చూద్దాం" అన్నారు. ఈ గ్రూపులో కూడా చాలామంది అదే అంటారని మాకు తెలుసు.

బాబాయి మాట తప్పని మేము అనం. రోడ్డు కావాలి. కానీ కిటికీ గట్టు మూడున్నర అడుగుల దగ్గర కాకుండా అడుగున్నర దగ్గర పెట్టి, పడిపోకుండా ఊచలు వేస్తే రోడ్డు డబ్బేమీ తరిగిపోదు. పది అంగుళాల మెట్టుని రెండు మెట్లు చేస్తే ఖర్చు ఎంత? నల్లబల్ల బదులు గోడకి కింద రెండడుగులు నల్లరంగు పూస్తే ఖర్చు ఎంత? ఢిల్లీలో కబీర్ వాజ్‌పేయి అనే ఆర్కిటెక్టు, ఆయన విన్యాస్ సంస్థ ఇదే పని మీద కూర్చున్నారు. తలుపు తెరిస్తే కోణాలు కనపడేలా నేల మీద గీతలు, వేలితో రాసుకోడానికి కిటికీ ఊచల్లోనే ఆకారాలు. భవనమే పాఠం చెప్పాలని వాళ్ల ఆలోచన. దానికి బాలా అని పేరు. మన దగ్గర బాలా అంటే గోడకి బొమ్మ వేసి బిల్లు పెట్టడం అయిపోయింది.

రోముకి వెళ్దాం కాసేపు. 1907 జనవరిలో మరియా మాంటిస్సోరి మొదటి పిల్లల ఇల్లు తెరిచింది గొప్పవాళ్ల వీధిలో కాదు, సాన్ లొరెంజో అనే కూలీల పేటలో. పిల్లలు తామే ఎత్తి జరుపుకోగలిగే తేలికైన కుర్చీలు, వాళ్ల చేతికి అందే అరలు పెట్టింది. ఇప్పుడు మాంటిస్సోరి అంటే డబ్బున్నవాళ్ల బడి అనుకుంటున్నాం. మొదలైంది మనలాంటి వాళ్ల పిల్లలతో.

అదే ఇటలీలో రెజ్జో ఎమిలియా దగ్గర విల్లా చెల్లా అని ఒక పల్లె. 1945లో యుద్ధం అయిపోగానే, జర్మన్లు వదిలేసి పోయిన ఒక ట్యాంకు, కొన్ని ట్రక్కులు, గుర్రాలు అమ్మి, ఆ డబ్బుతో ఊరివాళ్లే పిల్లల బడి కట్టుకున్నారు. ఇళ్లే కూలిపోయిన కాలంలో ముందు పిల్లల బడి కట్టాలనుకున్నారు. ఆ పని చూసి అక్కడికి వెళ్లిన లోరిస్ మలగుజ్జి అనే టీచరు జీవితమంతా ఆ పనిలోనే ఉండిపోయాడు. ఇప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి ఆ ఊరి బడులు చూడ్డానికి వెళ్తారు. మన ఊళ్లలో అమ్మడానికి ట్యాంకులు లేవు. కానీ బడి ఎలా ఉండాలో ఊరే చెప్పొచ్చని వాళ్లు చూపించారు.

మట్టిల్లు కట్టమంటున్నామా?

లేదు. ఇది స్పష్టంగా రాయాలి. ఎందుకంటే మా ఊళ్లో పెద్దలు వెంటనే అడిగారు: "బాబులకి శ్లాబు, మా గుంటలకి పూరిల్లా?" న్యాయమైన ప్రశ్న. మనకి పక్కా భవనం అంటే గౌరవం. మేము దాన్ని వదులుకోమనడం లేదు.

మేము అనేది మన ఇంట్లో ఉన్న తెలివి ఆ శ్లాబు కిందకి రావాలని. సవర ఇల్లు చూడండి. ముందు అరుగు ఉంటుంది. చూరు కిందకి వంగి ఉంటుంది, వాన జల్లు లోపలికి కొట్టదు, ఎండ గోడకి తగలదు. అమ్మమ్మ అరుగు మీద కూర్చుని కందులు ఏరుకుంటూనే నలుగురు గుంటల్ని చూస్తుంది. అదీ మన అంగన్‌వాడీ నమూనా. శ్లాబు కట్టండి, ముందు వెడల్పాటి వసారా దించండి. మే నెలలో ఒట్టి శ్లాబు కింద మధ్యాహ్నం గుంటలు పడుకోగలరా? వసారా ఉంటే ఎండలోనూ వానలోనూ బయటే ఆడతారు. సరుకులకి వచ్చిన బాలింతలు, గర్భిణులు అక్కడ కూర్చుంటారు. తాతలు, అమ్మమ్మలు వస్తారు. వాళ్లు వస్తే కథలు వస్తాయి. నేల మీద నున్నటి టైల్సు వద్దు, తడి కాళ్లకి జారుతుంది. పొయ్యి పొగ గదిలోకి రాకూడదు. ఊటనీరు పైపుల్లో వచ్చే ఊళ్లలో ఒక కుళాయి గుంట చేతికి అందే ఎత్తులో ఉండాలి. ఏనుగులు తిరిగే కురుపాం, కొమరాడ వైపు ఊళ్లలో బియ్యం వాసనకి అవి గోడలే కూల్చేస్తాయి. అక్కడ సరుకుల గది పిల్లల గదికి ఆనుకుని ఉండకూడదు. ఇవన్నీ మన అమ్మకి తెలుసు. ఆమెని ఎవరూ అడగరు.

ఇంకో మాట. "గిరిజన సంస్కృతి" అని చెప్పి సవర బొమ్మలు తెచ్చి అంగన్‌వాడీ గోడకి వేస్తే సరిపోతుందని కొందరు అనుకుంటున్నారు. ఆ బొమ్మలు మన ఇళ్లలో దేవుళ్ల కోసం, పోయిన పెద్దల కోసం వేసుకునేవి. ఏది వేయొచ్చో, ఏది వేయకూడదో ఊరి పెద్దల్ని అడిగి వేయాలి.

గదిలో మాట ఎవరిది?

గది ఎంత బాగున్నా, అందులో గుంట నోరు మూతపడితే అది గోదామే. మాలో ఒకడు మొదటిరోజు దాహమేసి సవరలో నీళ్లు అడిగాడు. ఎవరికీ అర్థం కాలేదు. రెండోసారి అడగలేదు. ఇంటికొచ్చే వరకు తాగలేదు. ఇప్పటికీ నవ్వుతూ చెప్తాడు, మేమూ నవ్వుతాం. కానీ అది నవ్వే విషయం కాదు. మూడేళ్లకే "నా మాట ఇక్కడ చెల్లదు" అని నేర్చుకున్నాడు. కాలేజీలో ఇంగ్లీషులో నోరు తెరవడానికి మనం భయపడతాం కదా, ఆ భయం అక్కడే మొదలైంది.

సవర తెలుగుకి చుట్టం కూడా కాదు. అది ముండా భాష, కుటుంబమే వేరు. ఈ సంగతి వందేళ్ల కిందటే ఒకాయనకి అర్థమైంది. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర నేర్చుకున్నారు, సవరలో పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పించారు. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లో అచ్చయింది. ప్రతి ఏడూ ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవం అని చేస్తారు. దండలేస్తారు, వ్యాసరచన పోటీలు పెడతారు. సవర గుంటకి సవరలో పాట చెప్పే మనిషిని మాత్రం వేయరు. ఇంతకన్నా అన్యాయం ఏముంది?

ఇక్కడ అంగన్‌వాడీ టీచర్లని, ఆయాలని తిట్టడం మా ఉద్దేశం కాదు. 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి వరకు 42 రోజులు వాళ్లు జీతాల కోసం రోడ్డు మీద కూర్చున్నారు. వాళ్ల మీద ఎస్మా పెట్టారు. ఒక పక్క వంట, ఒక పక్క బరువులు తూయడం, ఒక పక్క పోషణ్ ట్రాకర్ యాప్. సిగ్నల్ లేని గూడలో ఫోను పట్టుకుని గుట్ట ఎక్కాలి. ఆ టైములో గుంటలకి పాట ఎవరు పాడతారు? టీచరు గూడ మనిషి అయితే, గూడ భాష వస్తే, సగం బాధ తీరుతుంది. మిగతా సగం ఆ ఫోను పని తగ్గిస్తే తీరుతుంది.

మూడేళ్లకే హాస్టలా?

2020 జాతీయ విద్యావిధానంలో ఒక మాట ఉంది: గిరిజనులు ఎక్కువగా ఉన్న చోట ఆశ్రమ పాఠశాలల్లో కూడా ఈ చిన్నపిల్లల చదువుని దశలవారీగా తెస్తామని. ఇది చదివి మేము ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం.

ఆశ్రమ పాఠశాల ఉన్న ఊరి గుంటలు పొద్దున్న వచ్చి సాయంత్రం ఇంటికి పోతే సరే. కానీ మూడేళ్ల, నాలుగేళ్ల గుంటలు అక్కడే పడుకోవాలంటే మేము ఒప్పుకోం. మాలో ఎక్కువమందిమి ఆరేళ్లకి, ఏడేళ్లకి హాస్టలుకి వచ్చినవాళ్లం. రేకు పెట్టె, కొత్త చొక్కా, అమ్మ వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోవడం. రాత్రి పక్క తడిపి, తెల్లారకుండానే దుప్పటి ఉతికి దాచుకున్నవాళ్లం. హాస్టలు మాకు అన్నం పెట్టింది, చదువు ఇచ్చింది, ఇవాళ ఈ పోస్టు రాస్తున్నామంటే దాని వల్లే. అందుకే చెప్తున్నాం. మూడేళ్ల గుంటకి హాస్టలు వద్దు. బడి గూడకి రావాలి, గూడ బడికి కాదు.

మనలో ఉద్యోగం వచ్చిన అన్నలకి, అక్కలకి కూడా ఒక మాట, తప్పుగా అనుకోకండి. మీరు మూడేళ్లకే పిల్లల్ని పట్నంలో ఎల్‌కేజీలో వేస్తున్నారు. గుంట టై కట్టుకుని కుర్చీలో కదలకుండా కూర్చుని ఏ బీ సీ డీ రాస్తే మురిసిపోతున్నారు. మీ కష్టం మీది, మీ భయం మాకు అర్థమవుతుంది. కానీ ఊళ్లో అడగగలిగిన నోరు మీదే. మీరు వెళ్లిపోతే మిగిలిన గుంటల కోసం గ్రామసభలో నిలబడేది ఎవరు?

ఇప్పుడేటి చేద్దాం?

ఇప్పుడే చేయాలి, ఎందుకంటే భవనాలు వస్తున్నాయి. 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్‌లో దేశం మొత్తం మీద 2,500 అంగన్‌వాడీలు కట్టాలని పెట్టుకున్నారు. అది పీవీటీజీల కోసం. మన కొండసవరలు ఆ జాబితాలో ఉన్నారు. శ్లాబు పడ్డాక కిటికీ కిందకి దిగదు. ముగ్గు పోసేటప్పుడే అడగాలి.

ఒకటి. ప్రతి ఒక్కరం మన ఊరి కేంద్రాన్ని టేపుతో కొలుద్దాం. గది, కిటికీ, మెట్టు, కుళాయి, ముంగిలి. గూడ నుంచి ఎంత దూరం, మధ్యలో గెడ్డ ఉందా లేదా. కింద కామెంటులో పెట్టండి.

రెండు. కొత్త భవనం మంజూరైన ఊళ్లో, జాగా ఎక్కడో ఊరే చెప్పాలి. గూడ మధ్యలో, గెడ్డ దాటకుండా, ముంగిలితో సహా. షెడ్యూల్డు ఊళ్లకి పెసా గ్రామసభ ఉంది, తీర్మానం రాయిద్దాం. షెడ్యూల్‌లో చేర్చని ఊళ్లలో అందరి సంతకాలతో అర్జీ రాసి ఐటీడీఏ పీఓ గారికి, సీడీపీఓ గారికి ఇద్దాం. అర్జీ నకలు, ముట్టినట్టు సంతకం తీసుకోవడం మర్చిపోకండి.

మూడు. 40 మంది లేని చిన్న గూడలకి జనాభా లెక్క సడలించి, అక్కడి మనిషితోనే కేంద్రం నడపాలని అందరం కలిసి అడుగుదాం. భవనం వచ్చే వరకు ముంగిట్లోనే నడవనివ్వండి. మొదలైందే అలా కదా.

నాలుగు. అమ్మమ్మల దగ్గర ఉన్న జోలపాటలు, పొడుపుకథలు, ఆటలు ఫోనులో రికార్డు చేసి మన ఊరి టీచరుకి ఇద్దాం. అడక్కుండానే ఇద్దాం.

పోయిన నెల మాలో ఒకడు ఊరెళ్లి, అంగన్‌వాడీ గుమ్మం దగ్గర ఆ పది అంగుళాల మెట్టు ముందు ఒక చదును రాయి వేసి, మట్టి కూరి వచ్చాడు. గంట పని. వాడి మేనకోడలు ఇప్పుడు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లోపలికి ఎక్కుతోందట. వాళ్లమ్మ ఫోనులో చెప్పింది. ఎవరి ఊళ్లో వాళ్లు ముందు ఆ రాయి వేయండి. అర్జీ తర్వాత రాద్దాం.

జోహార్. జై ఆదివాసీ.